రామదాసు బాకీ ఎవరు తీర్చారు?

ఈసారి వీడియోలో భద్రాచల రామదాసు గారి కథ చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక ఒక విషయం వదిలేశాను. అది డబ్బు విషయం.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు ఇప్పటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లి, కాలం పదిహేడో శతాబ్దం. గోల్కొండ సుల్తాన్ తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న అక్కన్న, మాదన్నలు ఆయనకి మేనమామలు. వాళ్ళ అండతో పాల్వంచ పరగణాకి తహశీల్దార్ అయ్యారు. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి ఖజానాకి పంపే ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే, మంచి రికమెండేషన్‌తో వచ్చిన గవర్నమెంట్ జాబ్!

భద్రాచలంలో అప్పటికే పోకల దమ్మక్క అనే భక్తురాలు రాముడికి చిన్న పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టి కొలిచేదట. ఆ పందిరి చోట గుడి కట్టాలని గోపన్న సంకల్పం. జనం ఇచ్చిన చందాలు చాలలేదు. శిస్తు సొమ్ము తీసి ఖర్చు పెట్టేశారు. ఆరు లక్షల వరహాలని చెప్పుకుంటారు. పైనుంచి అనుమతి లేదు. తానీషా ఆయన్ని గోల్కొండ ఖైదులో వేయించారు. పన్నెండేళ్లంటారు.

ఇది చేయొచ్చా? నన్నడిగితే, చేయకూడదు. దేవుడి కోసమే అయినా అది రైతు కట్టిన పన్ను, రాజ్యం సొమ్ము. భక్తుణ్ణి తప్పు పడతావా అని కోపం తెచ్చుకోకండి, ముందు ఆయన పాటలు వినండి. ఖైదులో పాడిన ఒక కీర్తనలో రాముడి ముందు మొత్తం ఖాతా విప్పేస్తారు. ఏ నగ ఎవరికి చేయించారో, దానికి ఎన్ని వరహాలు పట్టాయో వరసగా చెబుతారు. పక్కా ఆడిట్ రిపోర్ట్! సొమ్ములు పెట్టుకుని కులికేది నువ్వు, దెబ్బలు నాకా అన్నట్టు నిలదీస్తారు. అదే పాట చివర్లో మళ్ళీ మెత్తబడి, దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దని బతిమాలుకుంటారు. అంత చనువు మనకి ఎవరి దగ్గరుంది చెప్పండి?

ఇక అసలు సంగతి. రాముడు తలుచుకుంటే ఖైదు తలుపులు తెరుచుకునేవి. తానీషా మనసు మారిపోయేది. కానీ మన పెద్దలు చెప్పే కథలో అలా జరగదు. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు కుర్రాళ్ళు తానీషా దగ్గరికి వస్తారు. ఆరు లక్షలూ లెక్కపెట్టి కడతారు. రసీదు అడిగి మరీ తీసుకుంటారు. ఆ రసీదు నిద్రపోతున్న గోపన్న తలగడ కింద పెట్టి వెళ్ళిపోతారు. గుడి నాదే కదా అని రాముడు ఒక్క వరహా కూడా తగ్గించమనలేదు!

నాకు ఈ కథలో అన్నిటికంటే ఆ రసీదే ఇష్టం.

తర్వాత సంగతులు చరిత్రలో ఉన్నాయి. 1686లో అక్కన్న, మాదన్నలు హత్యకి గురయ్యారు. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు. గోపన్నని ఖైదు చేయించిన తానీషా తానే ఖైదీగా దౌలతాబాద్ కోటకి వెళ్ళి, అక్కడే పోయారు. ఆయన మొదలుపెట్టారని చెప్పే ముత్యాల తలంబ్రాలు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ శ్రీరామనవమి కల్యాణానికి పట్టువస్త్రాలతో పాటు ప్రభుత్వం తరఫునే భద్రాచలం వెళ్తున్నాయి.