దామెర్ల రామారావు - పురాణేతివృత్త చిత్రరచన

ఇతిహాస పురాణ ఘట్టములను ఐరోపా పద్ధతి ననుసరించి తైలవర్ణములతో చిత్రించుట మన దేశమున రాజా రవివర్మ (1848-1906) వలన సుప్రసిద్ధమైనది. ఆయన చిత్రముల ముద్రిత ప్రతులు తెలుగువారి యిండ్లలో సైతము గోడల నలంకరించినవి. ఆ ప్రభావము వ్యాపించుచున్న కాలముననే, 1897 మార్చి 8వ తేదీన, దామెర్ల రామారావు రాజమహేంద్రవరమున జన్మించినారు.

బాల్యముననే ఆయనలోని ప్రతిభను గుర్తించినవారు అచటి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం కూడ ఆయన శిష్యులే. కూల్డ్రే ప్రోత్సాహముతో రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో ప్రవేశించినారు. సెసిల్ బర్న్స్ అప్పుడచట ప్రధానాచార్యులు. శరీర నిర్మాణము, వెలుగునీడల విన్యాసము, తైలవర్ణ ప్రయోగము మున్నగు పాశ్చాత్య విద్యలను రామారావు అచట క్షుణ్ణముగా నభ్యసించినారు. అయినను రవివర్మ మార్గమునందే నిలిచిపోలేదు. వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరు ప్రవర్తిల్లజేసిన మార్గమును ఎఱిగియు దానిని అనుకరింపలేదు. అజంతా రేఖయందలి లాలిత్యమునకు బొంబాయిలో నేర్చిన దేహజ్ఞానమును జోడించి, తెలుగు స్త్రీపురుషుల రూపురేఖలతో తనదైన శైలిని రూపొందించుకొన్నారు.

ఈ శైలికి నిదర్శనముగా ఋష్యశృంగుని వశీకరణమును తెలుపు చిత్రమును పేర్కొనవచ్చును. 1922లో కలకత్తా ప్రదర్శనమున దానికి బహుమానము లభించినది. బాలకాండమున నీ కథ ప్రసిద్ధము. రోమపాదుని అపచారము వలన అంగదేశమున అనావృష్టి కలిగినది. స్త్రీరూప మెఱుగని విభాండక పుత్రుని వారకాంతలు రప్పించినారు. ఆయన పాదము మోపినంతనే వాన కురిసినది. కావున ఇచటి శృంగారము కేవలము తపోభంగము కాదు. కరవుతో నలిగిన ప్రజల ప్రాణరక్షణ మందు ముడివడియున్నది. సిద్ధార్థ రాగోదయమను మఱియొక చిత్రమున, వైరాగ్యమూర్తి కానున్నవానిలో అనురాగ మంకురించిన క్షణమును రామారావు గ్రహించినారు. విరక్తి, రక్తి సంధించు ఘడియను ఎన్నుకొనుటయే ఈ రెండింటను కానవచ్చు ఔచిత్యము. కథ యంతయు చెప్పుట చిత్రమునకు సాధ్యము కాదు. ఏ క్షణమును నిలిపిన ముందువెనుకలు స్ఫురించునో ఎఱుగుటయే చిత్రకారుని వివేకము.

రామారావు రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి శిష్యులను తీర్చిదిద్దినారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకళ నభ్యసించినారు. 1924లో ఆయన చిత్రములు ఇంగ్లండులోని వెంబ్లీ ప్రదర్శనమున కెక్కినవి. కీర్తి దిగంతముల కందుచున్న తరుణముననే మసూచికము సోకి 1925 ఫిబ్రవరి 6వ తేదీన, 28 ఏండ్లైన నిండకముందే, కన్నుమూసినారు.

గురువు చాలకాలము క్రితమే స్వదేశము చేరియుండగా, ఆ విద్యాలయ భారమును వరదా వెంకటరత్నం వహించినారు. రాజమహేంద్రవరమున ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో పెక్కు చిత్రములు భద్రపరుపబడియున్నవి. ఇతిహాసములను బోధించువారికి వాటిని దర్శించుట ఒక వ్యాఖ్యానమును పఠించుటతో సమానము.