నిరీక్షణ: దోర్నకలు బిషప్పు అజరయ్యగారి జీవితము

బస్తరు సీమ నీరు ఇంద్రావతిగను, శబరిగను ప్రవహించి తుదకు గోదావరిలో కలియుచున్నది. నీరు పోయిన త్రోవనే మనుష్యులును, భాషలును, విశ్వాసములును రాకపోకలు సాగించినవి. కోంటా ప్రాంతపు దోర్లలకును భద్రాచలప్రాంతపు కోయలకును గల బాంధవ్యము మనలో పెక్కుమందికి తెలిసినదే. జగదల్‌పూరులో జనులు లాల్ చర్చి యని పిలుచుకొను ఎఱ్ఱని ప్రార్థనామందిరము చందయ్య స్మారకముగా నిలిచియున్నది. ఆ పేరు విన్నంతనే తెలుగువాని చెవికి ఆత్మీయముగా తోచును.

భద్రాచలమునకు ఎగువ, గోదావరి గట్టున దుమ్ముగూడెమను గ్రామము కలదు. నదిపై పడవల రాకపోకలకై పనులు సాగించిన ఇంజనీరు హేగుదొర చొరవచే 19వ శతాబ్దమునందే అచట కోయల నడుమ క్రైస్తవసేవ యారంభమయ్యెను. కాలక్రమమున అది దోర్నకలు పీఠము క్రిందికి వచ్చెను. ఆ పీఠమునకు ప్రథమాధిపతియై 32 సంవత్సరములు సేవచేసిన మహనీయులు వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు.

తెలుగు బైబిలులో ఆశ యను భావమునకు ఎక్కువగా వాడబడిన మాట నిరీక్షణ. ఎదురుచూచుట యని దాని యర్థము. మరణమును గూర్చిన క్రైస్తవవిశ్వాసమంతయు ఈ యొక్కమాటలో నిమిడియున్నది. క్రీస్తు సమాధినుండి లేచెను గనుక ఆయనయందు కన్నుమూసినవారును లేతురని వారి నమ్మిక. కావుననే తెలుగు క్రైస్తవులు తమవారు చనిపోయిరనుటకు మారుగా ప్రభువునందు నిద్రించిరందురు; శ్మశానమును సమాధులతోట యందురు. అజరయ్యగారి జీవితము ఈ మాటకు చక్కని వ్యాఖ్యానము.

వారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు గ్రామగురువు. తల్లి యెల్లెనమ్మగారు భక్తురాలు. విద్యార్థిదశయందే పితృవియోగము సంభవించెను. మద్రాసు క్రిస్టియను కళాశాలలో చదివియు పట్టము చేతికందకయే వై.ఎం.సి.ఏ. కార్యదర్శులై దక్షిణదేశమంతయు పర్యటించిరి. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరు పట్టమొసంగుట విశేషము.

స్వదేశీయుల ద్రవ్యముతో, స్వదేశీయుల చేతులమీదుగనే క్రైస్తవసేవ జరుగవలెనని వారి దృఢనిశ్చయము. తత్ఫలితముగా 1903లో తిరునెల్వేలిలో ఇండియను మిషనరీ సొసైటీ స్థాపితమయ్యెను. ఆ సంఘము తన సేవకు నైజాము రాజ్యమందలి దోర్నకలు ప్రాంతమును ఎన్నుకొనెను. ఇతరులను పంపి తాను ఊరకుండుట తగదని తలంచి, 1909లో గురుపట్టము పొంది, తమిళుడైన అజరయ్యగారు స్వయముగా ఆ అడవిప్రాంతమునకు వచ్చి తెలుగు నేర్చిరి. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మహాసభలో, పాశ్చాత్యులు భారతీయులకు ధనమును, త్యాగమును మాత్రమే గాక స్నేహమును గూడ ఈయవలెనని నిర్భయముగా కోరిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటుపాల్సు దేవాలయమున బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవినందిన ప్రథమ భారతీయులు వారే.

వారి బోధ నాలకించినవారిలో అధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు. గ్రామములో ఎవరు చనిపోయినను పొరుగూళ్లకు ఆ కబురు మోయువారు వీరు. గోతులు త్రవ్వువారు వీరు. పశుకళేబరముల నీడ్చువారును, శవయాత్రకు డప్పుకొట్టువారును వీరే. ఇతరుల మరణములకు ఇంత చాకిరిచేసినవారి మరణమును ఊరిలో పట్టించుకొన్నవారు లేరు. అట్టివారికి, మీలో ప్రతివాని పేరును దేవుడెరుగును, మీ శరీరము సైతము ఆయన దృష్టిలో విలువగలదే యని చెప్పిన బోధ ఎంతటి ధైర్యము నిచ్చియుండునో మనము ఊహింపవచ్చును.

అయితే పరలోకాశను చూపి ఇహలోకబాధలను మరపించుట అజరయ్యగారి మార్గము కాదు. రేపు లేపబడబోవు దేహము నేడు మురికిలోను, మద్యములోను, అప్పులలోను మ్రగ్గరాదని వారి వాదము. అందుచే ఊరూర బడులు వెలసెను. పూట పూటకు వంటబియ్యములో పిడికెడు తీసి దేవునిపేర వేరుగా ఉంచుట గృహిణుల కలవాటయ్యెను. పిడికిళ్లు చేరి గ్రామగురువుల పోషణకు ఆధారమయ్యెను. వారి కాలముననే పీఠములోని క్రైస్తవుల సంఖ్య రెండులక్షలు దాటెను.

దోర్నకలులోని ఎపిఫనీ దేవాలయము వారి యోర్పునకు సాక్ష్యము. గుమ్మటములు, మినారులు, దక్షిణదేశ దేవాలయములను తలపించు స్తంభములు అందొక్కచో సమకూడినవి. విరాళములు కూడినకొలది పని సాగుచు, ఆగుచు సంవత్సరములు గడచెను. తుదకు 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. బిషప్పుగారికి అప్పటికి 64 ఏండ్లు.

ఇంతకంటె పెద్ద కట్టడమొకటి వారి మనస్సులో నుండెను. శాఖలుగా చీలియున్న క్రైస్తవసంఘములు ఏకము కావలెనని 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశమునకు వారు సారథ్యము వహించిరి. తరువాతి పాతికేండ్లు చర్చలతోను, సవరణలతోను, వాయిదాలతోను గడచిపోయెను. వయస్సు మీరుచున్నను వారు ప్రయత్నము మానలేదు, విసుగు చెందలేదు. ఆ పని ముగియకమునుపే, 1945 జనవరి 1వ తేదీన, ఊరులన్నియు నూతనసంవత్సరమును ఆహ్వానించుచున్న దినమున, దోర్నకలులో వారు కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘ మవతరించినప్పుడు ఆ వేదికపై వారు లేరు. అంతకు ఆరువారముల ముందు దేశమునకు వచ్చిన స్వాతంత్ర్యమును గూడ వారు చూడలేదు.

లోకదృష్టికి ఇది తీరని కోరిక. క్రైస్తవదృష్టికి కాదు. విత్తినవాడు పంట చూడకపోయినను పంట చెడదనియు, విత్తినవాడును నశింపడనియు నమ్మినవానికి మరణము పనికి అడ్డుగోడ కానేరదు. తాను చూడని దినముకొరకు నిబ్బరముగా పనిచేయగలుగుటయే మృత్యువు నెదుట నిరీక్షణకు గుర్తు. పరలోకమును గూర్చి వారు చేసిన ప్రసంగములకంటె, ఫలితము కానరాని ఆ పాతికేండ్ల ఓపికయే దానిని బాగుగా బోధించుచున్నది.

ఉద్యోగధర్మముచే పుట్టినయూరు విడిచి, పరభాషల నడుమ బ్రదుకుచున్న మనకు అజరయ్యగారి చరిత్ర మరియొక విధముగా గూడ హృద్యము. తల్లిదండ్రుల సమాధులొకచోట, మన కాపురమొకచోట. కడసారి చూపు దక్కక బాధపడిన కుటుంబములు మన సమాజములో లేకపోలేదు. అజరయ్యగారును స్వగ్రామమునకు దూరముగా, తాను కోరి వచ్చిన తెలుగునేలపైననే తనువు చాలించిరి. పరదేశమని వారు దానిని తలంపలేదు. ఈస్టరునాడు తెల్లవారకమునుపే మన క్రైస్తవసోదరులు సమాధులతోటలకు పోయి దీపములు వెలిగింతురు. తూర్పు తెల్లవారునను నమ్మకముతో చీకటిలోనే వెలిగించు దీపములవి. అజరయ్యగారి జీవితమును అట్టి దీపమే. ఏ మతమువారమైనను, ఆప్తులను పోగొట్టుకొన్న ప్రతివారమును ఆ వెలుగున కొంతసేపు నిలువవచ్చును.