జాషువా గారు, ఒక కానుక పుస్తకము

బాప్తిస్మమునాడు బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలిచినవారు కవియో రచయితయో అయితే, తమ గ్రంథపు తొలి ముద్రణ ప్రతి మీద బిడ్డ పేరు స్వహస్తముతో వ్రాసి కానుకగా ఇవ్వవచ్చును. సి. ఎస్. లూయిస్ పండితుడు 1950లో ఒక పిల్లల కథను తన జ్ఞానపుత్రిక లూసీ బార్‌ఫీల్డ్‌కు అంకితమే ఇచ్చాడు. మన సంఘములలో వెండి మొలత్రాడో కొత్త బట్టలో తెస్తారు గాని, పుస్తకము తెచ్చినవారిని మేము చూడలేదు. అట్టి కానుక ఇవ్వదగిన కవి మన పల్నాటిలో ఎవరని తలంచితే, గుర్రం జాషువా గారే స్ఫురిస్తారు.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించారు. తల్లిదండ్రులవి వేర్వేరు కులములు. యౌవనమున వినుకొండలో కొప్పరపు సోదరకవుల అవధానము జరిగినప్పుడు, వారిని శ్లాఘిస్తూ వ్రాసిన పద్యములు చదువబోగా, అంటరానివాడు సభలోనికి ఎట్లు వచ్చెనని కొందరు అవమానించారు. ఆ సోదరులే ఆయనను ఓదార్చారు.

ఇక మన వైపు సంగతి చెప్పవలెను. చెప్పుటకు ఇంపుగా ఉండదు. హిందూ పురాణ కథలు కావ్యములుగా వ్రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయనను దూరము పెట్టారు. ఊరివారికి క్రైస్తవుడు, క్రైస్తవులకు పురాణ కవి! మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతము, అదీ పోయినది. రాజమండ్రి వెళ్లి, 1915-16లలో మూగ సినిమాల తెర ప్రక్కన నిలిచి కథ చదివి పొట్టపోసుకున్నారు. తరువాత గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పది సంవత్సరములు, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు.

1932లో 'ఫిరదౌసి' వ్రాశారు. బంగారమిత్తునని గజనీ సుల్తాను మాట తప్పిన పారశీక కవి కథ అది. లోకములో వాడుకగా చెప్పే కథ ప్రకారము, ఆలస్యముగా వచ్చిన ధనమును కవి కుమార్తె ముట్టలేదు. ఆ 1932లోనే జాషువా గారికి హేమలత పుట్టినది. 1941లో 'గబ్బిలము' వచ్చినది. గుడిలోనికి రానియ్యని పేదవాడు, గుడిలో వ్రేలాడు గబ్బిలము ద్వారా తన మొర శివునికి పంపుతాడు. మేఘమును, హంసను పంపిన కవులున్నారు; గబ్బిలమును పంపుటకు ఈయనే కావలసి వచ్చినది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారంతటివారు విజయవాడలో ఆయన కాలికి గండపెండేరము తొడిగారు.

మనవారు శంకించిన ఆ చేతనే 1958లో 'క్రీస్తు చరిత్ర' వెలువడినది. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 1970లో పద్మభూషణ్, 1971 జూలై 24న గుంటూరులో మరణము.

హేమలత గారిని నాస్తికుడైన గోరా గారి కుమారుడు లవణం గారికి ఇచ్చి 1960లో వివాహము చేశారు. బంధువులు ఒప్పుకొనలేదు, జాషువా గారు వెనుకకు తగ్గలేదు. పాదిరులము గనుక మాకీ సంగతి చదివినప్పుడెల్లా కొంత తడబాటు కలుగును. కాని ఆమె స్టూవర్టుపురములో నేరస్థులని ముద్రపడిన కుటుంబముల మధ్య, నిజామాబాదు ప్రాంతములో జోగినుల మధ్య చేసిన పని చూచిన పిమ్మట ఆ తడబాటు నిలువదు. ఆమె 2008లో మరణించారు.

మా యొద్దనున్న 'క్రీస్తు చరిత్ర' తొలి ముద్రణ కాదు. కవి చేవ్రాలు లేదు. అంచులు పురుగు తిన్నవి. మొదటి పుట మాత్రము ఖాళీగా ఉన్నది. వచ్చే నెల పిడుగురాళ్లలో సున్నపు బట్టీ పనివారి బిడ్డ బాప్తిస్మమునకు వస్తున్నది. జ్ఞానతండ్రిగా నిలువనున్న పెద్దగారికి ఆ ప్రతిని ఇచ్చివేశాము. పేరు ఆయనే వ్రాస్తారు.