పంచదార కరిగే దాకా

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, ఒక బడిపంతులు గురించి రాయాలనిపించింది. ఆయన ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్. మన బడిలో చదివి, ఆ తర్వాత కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పి రిటైరైన నేను, ఆయన పేరు చెప్పుకొని ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది.

బెర్గ్‌సన్ 1859లో పారిస్‌లో పుట్టారు. చిన్నప్పుడు లెక్కల్లో దిట్ట. 1877లో దేశవ్యాప్త పాఠశాలల పోటీలో గణితంలో బహుమతి గెలిచారు. ఆయన చేసిన లెక్క మరుసటి ఏడాది ఒక గణిత పత్రికలో అచ్చయింది. అయినా తత్త్వశాస్త్రమే ఎంచుకున్నారు. 1881 నుంచి ఏడేళ్లు పారిస్‌కు దూరంగా ఉన్న ఊళ్లలో స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పారు.

ఆయనకు ఎదురైన చిక్కు కాలం. గడియారం కొలిచేది ఒకటి, మనం అనుభవించేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని నిర్వచనంలో పెట్టడం ఏటినీటిని బిందెలో పట్టడం లాంటిది. నీళ్లు ఉంటాయి, పారడం ఉండదు. 1903లో రాసిన వ్యాసంలో ఆయన, భావనలు రెడీమేడ్ చొక్కాల్లాంటివన్నారు. అందరికీ పడతాయి, ఎవరికీ సరిగ్గా అతకవు. అలాగని ఉపమానాన్నీ పూర్తిగా నమ్మలేదు. ఒక్కటే చెబితే అదే అసలు విషయమై కూర్చుంటుంది. అందుకే దారపుండ, రంగుల పట్టీ, సాగే రబ్బరు వరసగా చూపించి, ఏది ఎక్కడ సరిపోదో కూడా చెప్పారు. 1907 నాటి గ్రంథంలో మరీ సులువైన మాట చెప్పారు: నీళ్లలో పంచదార కరిగే దాకా ఆగక తప్పదు. ఆ ఆగడంలోని అసహనాన్ని ఏ సమీకరణమూ కుదించలేదు.

బెర్ట్రాండ్ రస్సెల్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. ఉపమానాలు మెండు, వాదన తక్కువ అని 1912లో విమర్శించారు. బెర్గ్‌సన్‌కు 1927 సంవత్సరపు నోబెల్ బహుమతి సాహిత్యానికి వచ్చింది. అది మెచ్చుకోలా, ఎత్తిపొడుపా అని నేను క్లాసులో నవ్వించేవాణ్ణి.

ఒకసారి కాలం గురించి అడిగిన ప్రశ్నకు ఒక అమ్మాయి, పొయ్యి మీద పాలు పొంగడానికి కాచుకుని కూర్చున్న అమ్మమ్మ గురించి రాసింది. నేను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, నిర్వచనం ఏదని పక్కన రాశాను. ఆ తర్వాత ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పలేదు. బెర్గ్‌సన్‌ను శ్రద్ధగా చదివింది చాలా ఏళ్ల తర్వాత. అప్పుడు తెలిసింది, ఆ పిల్ల సగం దారి నడిచే వచ్చింది. ఇంకో రెండు ఉపమానాలు అడిగి, పాలకుండ ఎక్కడ సరిపోదో చెప్పించి, అప్పుడు నిర్వచనం దగ్గరికి తీసుకెళ్లడం నా పని. ఆ పని నేను చేయలేదు.

బెర్గ్‌సన్ 1941 జనవరి 4న పారిస్‌లో కన్నుమూశారు. ఈ సంచిక చదివే మాస్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఒక్కటే. జవాబు పత్రంలో పాలకుండ కనిపిస్తే, ఎర్రపెన్ను కాసేపు పక్కన పెట్టండి.