ప్రజల పక్షం వహించిన న్యాయకోవిదుడు: క్యాసంబళ్లి చెంగలరాయ రెడ్డి గారు

కోలారు జిల్లా కన్న ప్రముఖులలో క్యాసంబళ్లి చెంగలరాయ రెడ్డి గారు చిరస్మరణీయులు. మైసూరు రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగా వారి పేరు పెద్దలందరికీ తెలిసినదే. ఆ పదవికి ముందు సాగిన పదిహేడేండ్ల కృషి నేటి విద్యార్థులు తెలుసుకోదగినది.

బంగారు గనులకు చేరువలోని క్యాసంబళ్లి గ్రామంలో 1902 మే 4న రెడ్డి గారు జన్మించారు. తెలుగు, కన్నడ, తమిళ భాషలు కలగలిసి వినిపించే సీమ అది. శివనసముద్రం నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరం విద్యుత్తు ప్రవహించి గనులకు చేరినది కూడా ఆ ఏడాదే. అది గనుల యంత్రాల కొరకు వచ్చిన విద్యుత్తు. పల్లెల కొరకు కాదు. మైసూరు సంస్థానంలో 1881 నుండి ప్రజాప్రతినిధి సభ ఉన్నప్పటికీ, దివాను మహారాజుకే జవాబుదారీ. పన్ను కట్టే రైతుకు పాలకులను మార్చే హక్కు లేదు.

న్యాయశాస్త్ర పట్టభద్రులైన రెడ్డి గారు తమ చదువును సొంత సంపాదనకే పరిమితం చేసుకోలేదు. 1930లో మిత్రులతో కలిసి ప్రజాపక్షాన్ని స్థాపించి, రైతుల కష్టాలను ఎలుగెత్తి చాటారు. శాంతియుతంగా, చట్టబద్ధంగా బాధ్యతాయుత ప్రభుత్వాన్ని సాధించడమే ఆ పక్షం ఆశయం. 1937లో వారు సహచరులతో కాంగ్రెసులో చేరి, మైసూరు కాంగ్రెసు అధ్యక్షులైనారు.

1938 ఏప్రిల్ 25న, నాటి కోలారు జిల్లాలోని విదురాశ్వత్థంలో జాతీయ పతాకం ఎగురవేయబూనిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు అసువులు బాశారు. అటు పిమ్మట కుదిరిన మీర్జా–పటేల్ ఒప్పందంతో పతాకానికి అనుమతి లభించింది గాని, అధికారం ప్రజలకు దక్కలేదు.

1947 ఆగస్టులో దేశం స్వతంత్రమైనప్పటికీ మైసూరులో దివాను పాలనయే కొనసాగింది. సెప్టెంబరులో ఆరంభమైన ‘మైసూరు చలో’ ఉద్యమానికి రెడ్డి గారు సారథ్యం వహించారు. విద్యార్థులు, కార్మికులు కదలివచ్చారు. ఎట్టకేలకు మహారాజు అంగీకరించగా, అక్టోబరు 25న రెడ్డి గారు ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టారు. భారత రాజ్యాంగ సభలోనూ వారు సభ్యులు.

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల పిమ్మట ముఖ్యమంత్రి పదవి కెంగల్ హనుమంతయ్య గారికి దక్కింది. ప్రజల తీర్పుతో ప్రభుత్వాలు ఏర్పడాలన్నదే రెడ్డి గారు కోరిన పద్ధతి. తరువాత వారు కేంద్రంలో ఉత్పత్తి, గృహనిర్మాణం, వాణిజ్య పరిశ్రమల శాఖలను నిర్వహించారు. 1965 నుండి 1971 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా సేవలందించి, 1976లో పరమపదించారు.

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఆ గనుల నీడలోని పల్లె నుండి వచ్చిన రెడ్డి గారు పాటుపడి సాధించిన ఓటు హక్కు మాత్రం ప్రతి ఇంటా నిలిచి ఉన్నది. బిడ్డలను చదివించే తల్లిదండ్రులు వారికి ఉద్యోగంతో పాటు ఈ హక్కు విలువను కూడా నేర్పగలిగితే, అదే ఆ మహనీయునికి నిజమైన నివాళి.