ఎర్రమాత్ర వెనక మన తెలుగాయన

మా మదనపల్లెలోగానీ, పుంగనూరు, కుప్పంలలోగానీ కడుపుతో ఉన్న అమ్మాయికి సర్కారు ఆస్పత్రిలో ఇచ్చే ఎర్రమాత్ర తెలియని ఇల్లుండదు. వికారంగా ఉందనో, మలబద్ధకమనో దాన్ని పోపులడబ్బా వెనక పడేసేవాళ్ళకీ తక్కువ లేదు. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని వెనక ఒక తెలుగాయన బతుకంతా ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. కాశీ పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుందామని ఇల్లు విడిచారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకి కోపమొచ్చింది, చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతికొచ్చింది.

తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ జబ్బుతో సోదరులిద్దరు రోజుల తేడాలో పోయారు. అదే జబ్బు తనకీ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో బతికి బయటపడ్డారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్ళేనాటికి భార్య శేషగిరిగారు గర్భిణి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్ళీ ఈ గడ్డ తొక్కలేదు. ఆయన ఘనత చదివినప్పుడల్లా నాకు ముందు ఆ ఇల్లాలే గుర్తొస్తుంది.

హార్వర్డ్‌లో 1930లో డాక్టరేట్ తీసుకుని, 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అంతకు ముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ గర్భిణుల రక్తహీనతకి ఈస్ట్ సారం పనిచేస్తుందని కనిపెట్టింది. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదే. దాన్ని 1945లో తయారుచేసి చూపింది సుబ్బారావుగారి బృందం.

ఇది చాలకపోతే ఎముక మజ్జలో ఎర్రకణాలే కాదు, తెల్లకణాలూ తగ్గిపోతాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే ల్యుకేమియాకి ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినాప్టెరిన్ కూడా ఆయన బృందమే చేసింది. సిడ్నీ ఫార్బర్ దాన్ని పిల్లలకిస్తే కొందరికి కొన్నాళ్ళు జబ్బు తగ్గింది. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే, ఆగస్టులో, 53 ఏళ్ళకే సుబ్బారావుగారు కన్నుమూశారు.

అందుకే చెల్లెళ్ళకి ఒక మాట. మామూలుగా 4,000 నుంచి 11,000 దాకా ఉండే తెల్లకణాలు గర్భంలో 15,000 దాకా పెరగడం సహజమే. కాన్పు నొప్పుల్లో 20,000 దాటినా దాటొచ్చు, తర్వాత కొద్ది వారాల్లో దిగుతాయి. కాగితంలో అంకె చూసి క్యాన్సరని బెంబేలు పడొద్దు. అలాగని జ్వరం, మూత్రంలో మంట, కడుపునొప్పి ఉంటే సహజమేలెమ్మని ఊరుకోవద్దు, ఆ రోజే డాక్టరుకి చూపించండి.

1995లో ఆయన పేర తపాలా బిళ్ళ వేశారు. మనం ఆయనకిచ్చే గౌరవం మాత్రం ఆ మాత్ర మానకుండా వేసుకోవడమే.