కోట్‌గఢ్ గృహస్థు

సిమ్లా ఆపిల్ అనే మాట తెలుగునాట పండ్ల అంగళ్ళలో చిరకాలంగా వినవస్తున్నదే. పేరు సిమ్లాదయినా ఆ కీర్తికి మూలమైన తోటలు సిమ్లా నగరంలో లేవు. అక్కడినుండి హిందూస్థాన్-టిబెట్ మార్గంలో సుమారు యాభై మైళ్ళు పోతే, సట్లెజ్ నదీలోయకు ఎగువన, దేవదారు వనాల నడుమ కోట్‌గఢ్ అనే చిన్న కొండపల్లె ఉన్నది. ఎర్రని తియ్యని ఆపిల్‌ను ఆ కొండలకు తెచ్చి నాటినవాడు అమెరికాలో పుట్టిన శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్. కన్నుమూసేనాటికి ఆయన పేరు సత్యానంద్. ఈ రెండు పేర్ల నడుమ నలభైరెండు సంవత్సరాల భారతజీవితం ఉన్నది. అందులో కుష్ఠురోగుల సేవ ఉన్నది, సన్యాసం ఉన్నది, సత్యాగ్రహం ఉన్నది, కారాగారం ఉన్నది. అయితే వీటన్నిటికంటె ఆయనను ఎక్కువగా పరీక్షించినది, పైకి మిక్కిలి సామాన్యంగా కనబడే ఒక పని: పరాయిచోట ఇల్లు కట్టుకొని, ఇరుగుపొరుగువారిలో ఒకడుగా బ్రతకడం.

ఆయన 1882 ఆగస్టు 16న ఫిలడెల్ఫియాలో సంపన్నమైన క్వేకరు కుటుంబంలో జన్మించినాడు. క్వేకర్లు పురోహితులను, ఆడంబరమైన అర్చనలను అంగీకరించని క్రైస్తవులు. ప్రతి మనిషి అంతరంగంలోను భగవంతుని వెలుగు ఉన్నదని వారి విశ్వాసం. తండ్రిది యంత్రనిర్మాణ వ్యాపారం. భవనాలలో మనుషులను పైఅంతస్తులకు చేర్చే లిఫ్టులు ఆ కర్మాగారంలో తయారయ్యేవి. కుమారుడు ఆ వ్యాపారాన్ని అందుకొంటాడని ఇంటివారు ఆశించినారు. ఆ ఆశను కాదని, 1904లో ఇరవైరెండేళ్ళయినా నిండకముందే అతడు ఓడ ఎక్కినాడు. సిమ్లా కొండలలోని సబాథులో కుష్ఠురోగుల ఆశ్రమం ఒకటి ఉండేది. అక్కడ సేవచేయడానికి కుదిరినాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 4న కాంగ్డా లోయను భూకంపం కూల్చివేసినది. దాదాపు ఇరవైవేలమంది మరణించిన ఆ ఉత్పాతంలో సహాయకార్యానికి తరలినవారిలో స్టోక్స్ ఒకడు.

ఈ కాలంలోనే ఆయనకు కోట్‌గఢ్‌తో పరిచయమేర్పడినది. కొండలు నచ్చినవి, మనుషులు నచ్చినారు. అయినా తాను వారికి దొరగానే కనబడుతున్నాడన్న బాధ ఆయనను విడువలేదు. దానికి విరుగుడుగా సన్యాసం స్వీకరించినాడు. ఉన్నది పంచివేసి, ముతక అంగీ తొడిగి, కాలినడకను పల్లెలు తిరుగుతూ, పెట్టినది తిని రోగులకు ఉపచారం చేసినాడు. తరువాతి కాలంలో ప్రఖ్యాతుడైన సాధు సుందర్ సింగ్ ఆ దినాలలో ఆయనకు సహచరుడు. 1910లో కొద్దిమంది మిత్రులతో కలిసి క్రీస్తును అనుసరించే సోదరసంఘం ఒకటి స్థాపించినాడు.

అంతా అనుకొన్నట్లే జరిగి ఉంటే ఆయన జీవితచరిత్ర మరొక సాధువు చరిత్రగా ముగిసేది. కాని ఆయనకు రెండేళ్ళలోనే సందేహం కలిగినది. సాధువుకు మన దేశంలో గౌరవానికి లోటు లేదు. గుమ్మంలోకి రాగానే చేతులు జోడిస్తారు, భిక్ష పెడతారు. కాని పంట ఎండినప్పుడు పడే దిగులు, అప్పులవాడు వాకిట నిలిచినప్పటి అవమానం, పిల్లవాడికి జ్వరం తగిలిన రాత్రి మేల్కొనడం, ఇవేవీ సాధువుకు లేవు. దొరకూ పల్లెకూ ఎంత దూరమో, సాధువుకూ పల్లెకూ దాదాపు అంతే దూరం. ఈ సంగతి గ్రహించినవాడు కనుకనే సోదరసంఘాన్ని వదలి 1912లో గృహస్థాశ్రమంలో ప్రవేశించినాడు.

వధువు ఆగ్నెస్ బెంజమిన్. ఆ ప్రాంతంలోనే, క్రైస్తవమతం పుచ్చుకొన్న రాజపుత్ర కుటుంబంలో పుట్టిన యువతి. తెల్లవారు కొండజాతి స్త్రీలను సరిసమానంగా పెండ్లాడే కాలం కాదు అది. ఇంగ్లీషు సాహిత్యం చదివినవారికి కిప్లింగ్ వ్రాసిన 'లిస్పెత్' కథ గుర్తుండవచ్చు. అందులో కోట్‌గఢ్ మిషనులో పెరిగిన కొండపిల్ల, తాను కాపాడిన ఆంగ్లేయుడు తిరిగివచ్చి తనను పెండ్లాడుతాడని నమ్మి మోసపోతుంది. ఆ కథ పుట్టిన ఇరవైయైదేళ్ళ తరువాత అదే కోట్‌గఢ్‌లో ఒక తెల్లవాడు తిరిగి వెళ్ళిపోలేదు. సన్యాసిని ఆరాధించినవారికి ఈ వివాహం పతనంగా తోచినది. దొరలకు అప్రతిష్ఠగా కనబడినది. ఇరువర్గాల అసంతృప్తినీ ఆయన సహించినాడు.

థానేదార్ గ్రామానికి ఎగువన బారోబాగ్ అనే కొండకొమ్ముమీద భూమి కొని, హార్మొనీ హాల్ అని పేరుపెట్టి ఇల్లు కట్టుకొన్నాడు. ఇక ఆయన దినచర్య అక్కడి రైతు దినచర్యయే. కొండచరియలమీద మెట్లుమెట్లుగా చదును చేసిన చిన్న మళ్ళు. గోధుమ, యవలు, మొక్కజొన్న, బంగాళాదుంప. గట్టు జారితే రాయిమీద రాయి పేర్చి మళ్ళీ కట్టాలి. మంచు కురిసే నెలలకు ముందే పశువులకు గడ్డి, పొయ్యికి కట్టెలు చేర్చిపెట్టుకోవాలి. ఈ శ్రమ అంతా చేసినా ఇంటి గింజలు ఏడాది పొడుగునా చాలని కుటుంబాలు చుట్టూ ఎన్నో. ఏటవాలు నేలలో ధాన్యం పండించడం ఎంత నష్టపు బేరమో ఆయనకు ఉపన్యాసాల వలన కాక తన పొలంవలననే తెలిసివచ్చినది. ఆపిల్ ఆలోచన అక్కడ పుట్టినది.

ఆపిల్ హిమాలయాలకు అప్పటికి కొత్త పండు కాదు. 1870లోనే కెప్టెన్ లీ అనే ఆంగ్లేయుడు కులూ లోయలోని బంద్రోల్‌లో తోట వేసినాడు. కాని అవి ఇంగ్లండువారి నాలుకకు ఇంపైన రకాలు, పులుపు హెచ్చు. మన దేశపు కొనుగోలుదారు కోరేది తీపి. ఆనాడు అమెరికాలో డెలిషస్ అనే ఎర్రని తియ్యని రకం పేరు తెచ్చుకొంటున్నది. అది ఐయోవా రాష్ట్రంలో జెస్సీ హయత్ అనే రైతు తోటలో తనంత తానే మొలిచిన చెట్టు. వరుస తప్పి మొలిచినదని నరికినా మళ్ళీ చిగిర్చినదని ప్రతీతి. దాని హక్కులను మిస్సోరిలోని స్టార్క్ సోదరుల నర్సరీ కొన్నది. 1916లో స్టోక్స్ ఆ నర్సరీనుండి మొక్కలు తెప్పించి బారోబాగ్‌లో నాటినాడు.

ఇక్కడ విద్యార్థులు గమనింపదగిన విషయం ఒకటున్నది. ఆపిల్ గింజ నాటితే తల్లిచెట్టు పండు రాదు. ఏ పుల్లని కాయలో కాయవచ్చు. అందుచేత గట్టి వేరున్న మొక్కమీద మేలురకపు కొమ్మను అంటుకట్టాలి. ఒక మంచి చెట్టు దొరికితే దాని కొమ్మలతో వందల చెట్లు చేయవచ్చు. ఆ చెట్టుకు చలికాలం దీర్ఘంగా ఉండాలి. వెయ్యి గంటలకు తక్కువకాకుండా చలిలో నిద్రించితేగాని వసంతంలో సరిగా పూయదు. అందుకే మన మైదానాలలో అది కాపుకు రాదు, ఏడువేల అడుగుల ఎత్తున ఉన్న ఆ కొండలలో వస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. డెలిషస్ పూలు తమ పుప్పొడితో తాము ఫలించవు. వేరొక రకం చెట్టు దగ్గరలో ఉండి, తేనెటీగలు దాని పుప్పొడిని మోసుకొని రావాలి. 1921లో తల్లి క్రిస్మస్ కానుకగా పంపిన మొక్కలు గోల్డెన్ డెలిషస్ అనే పసుపురకానివి. ఎర్రరకానికి పుప్పొడి ఇవ్వడంలో ఆ పసుపురకం మేలైన తోడు. కుమారుడు వ్యాపారాన్నీ దేశాన్నీ వదలి వచ్చినా, ఆ తల్లి మనస్సు ఆ తోటకు ఎంతో కొంత మేలు చేసినదనే చెప్పాలి.

చెట్టు నాటడం సులభమే. పొరుగువాడిచేత నాటించడం కష్టమైనది. ఆరేడేళ్ళు కాపు లేకుండా మడిని చెట్టుకు అప్పగించితే, అంతవరకు ఇంటిల్లిపాది తినేదేమిటి? ఆ ప్రశ్న వేసిన రైతును మూఢుడనడానికి వీలులేదు. స్టోక్స్ దానికి మాటలతో జవాబు చెప్పలేదు. తన చెట్లు కాచి, పండు సిమ్లా బజారులో అమ్ముడుపోయేవరకు ఓపికపట్టినాడు. అందుకు దాదాపు పదేళ్ళు పట్టినది. అడిగినవారికి అంటుమొక్కలు ఉచితంగా ఇచ్చినాడు. గుంట తీయడం, కొమ్మ కత్తిరించడం, పండ్లను పరిమాణాన్నిబట్టి వేరుచేసి పెట్టెలలో సర్దడం దగ్గరుండి నేర్పినాడు. ఆయన దొరగానో సాధువుగానో చెప్పి ఉంటే పొలం పణంగా పెట్టేవారెవ్వరు? అదే మట్టిలో అదే వడగండ్ల భయంతో బ్రతుకుతున్న రైతు మాట గనుక వారు విన్నారు.

పొరుగువాడైనందున పొరుగువారి కష్టం కూడా ఆయన నెత్తికెక్కినది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన బ్రిటిషు పక్షాన సైనికులను చేర్పించే ఉద్యోగం చేసి, కెప్టెన్ హోదా కూడా పొందినాడు. క్వేకరు ఇంట పుట్టినవాడికి ఇది తగునా అని అడిగితే సమాధానం కష్టమే. కాని ఆ యుద్ధం ముగిసిన తరువాత, 1919లో జలియన్‌వాలాబాగ్ జరిగిన తరువాత, ఆయన దృష్టి పూర్తిగా మారినది. ఇంటిముందరి బాటమీద ప్రతిదినం కనబడే బేగార్ ఆయనకు భరింపరానిదయినది. బేగార్ అంటే మన వెట్టి. అధికారులూ వారి అతిథులూ ప్రయాణమైతే కొండరైతు నాగలి వదలి వారి సామాను మోయాలి. కోతకాలమైనా, ఇంట రోగి ఉన్నా తప్పదు. ఇంచుమించు ఆ సంవత్సరాలలోనే మన గూడెం మన్యంలో రోడ్డుపనుల వెట్టి కొండవారిని కుంగదీయగా అల్లూరి సీతారామరాజు 1922లో ఆయుధం పట్టినాడు. స్టోక్స్ మార్గం వేరు. పల్లెవారిని కూర్చి, అందరూ ఒక్కమాటమీద నిలిచి మోయము అనేటట్లు చేసినాడు. 1921లో ప్రభుత్వం దిగివచ్చి ఆ మార్గంలో నిర్బంధపు మోతను మానిపించినది.

ఈలోగా ఆయన ఖద్దరు ధరించి కాంగ్రెసులో చేరినాడు. అఖిలభారత కాంగ్రెసు సంఘంలో సభ్యుడైన అమెరికన్ ఆయన ఒక్కడే. 1921 డిసెంబరులో లాహోరుకు పోతుండగా వాఘాలో రైలులోనే ఆయనను నిర్బంధించినారు. రాజద్రోహ నేరంమీద ఆరునెలల శిక్ష. తెల్లవారికి జైలులో లభించే ప్రత్యేకసౌకర్యాలు తనకు వద్దన్నాడు. గాంధీజీ ఈ అరెస్టునుగూర్చి తన పత్రికలో ఆదరంతో వ్రాసినారు. విడుదల తరువాత ఆయనకు రాజకీయరంగంలో పెద్ద పదవులు దొరకవచ్చును. కాని ఆయన తిరిగి వచ్చినది తోటకే. కొందరు చరిత్రకారులు దీనిని వెనుకంజ అని భావింపవచ్చు. ఆయన చేపట్టిన పనులలో అధికభాగం ఆ కొండమీదనే ఉన్నదని గుర్తుంచుకొంటే అట్లా అనిపించదు.

ఆగ్నెస్, స్టోక్స్ దంపతులకు ఏడుగురు సంతానం. వారిలో తారా అనే కొడుకు అతిసారంతో బాల్యంలోనే చనిపోయినాడు. ఆ దుఃఖాన్ని గూర్చి చెప్పడానికి మాటలకంటె ఆయన చేసిన పనియే చాలును. 1924లో కొడుకు పేరిట బారోబాగ్‌లో బడి పెట్టి, తన పిల్లలతోపాటు పల్లెపిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పించినాడు, తానూ చెప్పినాడు.

పిల్లలు పెద్దవారవుతున్నకొద్దీ మరొక చింత తలెత్తినది. తాను వచ్చినవాడు, వారు అక్కడ పుట్టినవారు. తెల్లవారిలో వారికి చోటు లేదు, చుట్టూ ఉన్న కొండసమాజంలో క్రైస్తవుల ఇండ్లు కొద్ది. పండుగకు పిలిచేదెవరు, వియ్యమందేదెవరు? ఈ లౌకికమైన ప్రశ్నతోపాటు ఆయన మనస్సులో మరొక అన్వేషణ ఏళ్ళ తరబడి సాగుతున్నది. సంస్కృతం నేర్చుకొని ఉపనిషత్తులు, గీత మూలంలో చదివినాడు. తన తాత్త్వికచింతనను 'సత్యకామ' అనే గ్రంథంగా 1931లో ప్రకటించినాడు. మరుసటి ఏడు కుటుంబంతో హిందూధర్మం స్వీకరించినాడు. ఆయన సత్యానంద్ అయినాడు, ఆగ్నెస్ ప్రియాదేవి అయినది. మతం పుచ్చుకొమ్మని చెప్పడానికి వచ్చినవారి వెంట ఈ దేశానికి చేరినవాడు తానే మతం మారినందుకు పాతమిత్రులు ఎంతో నొచ్చుకొన్నారు. ఆ మార్పు తత్త్వజిజ్ఞాసవలన వచ్చినదా, పిల్లలకు ఊరు కావలెనన్న తండ్రి ఆరాటంవలన వచ్చినదా అని విడదీసి చూడడం వృథా; ఆయన జీవితంలో ఆ రెండూ ఏనాడూ వేరుగా లేవు. ఆయన పిల్లలు ఆ కొండకుటుంబాలతోనే వియ్యమందినారు.

1937లో ఇంటికి సమీపంలో కొండవాస్తు రీతిని రాతితో, కొయ్యతో ఒక మందిరం కట్టించినాడు. చెక్కలమీద గీతాశ్లోకాలు, ఉపనిషద్వాక్యాలు చెక్కించినాడు. దానికి పెట్టిన పేరు పరంజ్యోతిర్మందిరం. క్వేకరు తల్లిదండ్రులు పసితనంలో నేర్పిన అంతరంగపు వెలుగు ఆ పేరులో కూడా ఉన్నదనుకోవడానికి అవకాశమున్నది.

అప్పటికి కోట్‌గఢ్ చరియలలో గోధుమమళ్ళు క్రమంగా ఆపిల్ తోటలవుతున్నవి. నేడు హిమాచలప్రదేశ్‌లో లక్ష హెక్టార్లకు పైగా నేలలో ఆపిల్ పెరుగుతున్నది. ఒకప్పుడు అధికారుల పెట్టెలు దింపి ఎక్కించిన బాటమీదనే పండ్ల పెట్టెలు సిమ్లాకు సాగినవి. ఆ పెట్టెలలోనివి రైతు సొంత పండ్లు, కూలి దక్కని బరువులు కావు.

సత్యానంద్ స్టోక్స్ 1946 మే 14న మరణించినాడు. స్వాతంత్ర్యానికి ఇంకా పదిహేను నెలలున్నది. ఆ ఎత్తున మే నెల నడుమకు ఆపిల్ పూలు రాలిపోయి, కొమ్మలకు ఆకుపచ్చని పిందెలు పట్టి ఉంటవి. కోతకు ఇంకా మూడు నెలలు పడుతుంది.